మన వైపు నుంచే

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి గానీ, ఈ గదిలో ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి, నేను క్షేమం. కిటికీ కూడా క్షేమమే. నువ్వు బెంగపడ్డ ఆ రెక్క బిగించారు, ఇప్పుడు గాలి దూరడం లేదు. మోకాలి నొప్పి తగ్గింది, మెట్లెక్కేటప్పుడు మాత్రం ఒకసారి పలకరించి పోతుంది. శాలువా అందింది. దాని మీది బాతుల బొమ్మలు చూసి మా ఇల్లుగలావిడ, "మీ అమ్మగారి లెక్కలో మీరింకా బళ్ళోనే ఉన్నట్టున్నారు" అని నవ్వింది. అయినా రోజూ కప్పుకుంటున్నాను.

జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువై కాదు. మొదలుపెట్టడం, చింపేయడం, మళ్ళీ మొదలుపెట్టడం. ఈ ఉత్తరం అన్నయ్య ఎదురుగా చదవకు. వాడు దుకాణానికి వెళ్ళాక, తలుపు వేసుకుని, ఒక్కదానివే చదువు.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. వేళకు తింటున్నాను. పక్కింటి కుక్క ఇప్పుడు మొరగడం లేదు, దానికి నేను అలవాటయ్యాను. నా పెళ్ళి సంగతి ఈసారి ఒక్క ముక్కతో వదిలేశావు, దానికి నీ రుణం ఉంచుకోను, ఈసారి వచ్చినప్పుడు నువ్వు చెప్పే సంబంధాలన్నీ నోరు మెదపకుండా వింటాను. అన్నయ్యా నేనూ ఎందుకు మాట్లాడుకోవడం లేదని అడిగావు. దానికి కాస్త ఆగు.

ఇక అసలు సంగతి. అన్నయ్యకు వచ్చిన సంబంధం వాళ్ళు, మొదటి పెళ్ళి వల్ల పుట్టిన పిల్లకు, మన గువ్వకు, చెవులు వినబడవు కదా, ఆ లోపం ఎవరి వైపుదని అడుగుతున్నారని రాశావు. నేను పనిచేసే పరిశోధన కేంద్రం పేరున్న కాగితం మీద, "మా వైపు ఏ లోపమూ లేదు" అని నాలుగు ముక్కలు రాయించి పంపమన్నావు. నాకిది చిటికెలో పని అన్నావు. నా చదువు ఇన్నాళ్ళకు ఇంటికి పనికొచ్చే రోజు వచ్చిందని కూడా రాశావు.

ఆ కాగితం పంపడం లేదమ్మా. ఎందుకో చెప్పాలంటే నేనిక్కడ ఏం చేస్తున్నానో చెప్పాలి. నువ్వెప్పుడూ అడగలేదు. ఎవరైనా అడిగితే "కంప్యూటర్లో ఏదో చేస్తుంది" అంటావు. ఆ ఏదో ఏమిటో ఈసారికి ఓపిగ్గా విను.

మామూలుగా కంప్యూటరుతో పని చేయించేవాళ్ళు, ముందు ఇది చెయ్యి, తరవాత అది చెయ్యి అని వరస చెబుతారు. మా పద్ధతి వేరు. ఏది నిజమో అదే చెబుతాం. ఈమె అతనికి తల్లి, అతను ఆ పాపకు తండ్రి అయితే, ఈమె ఆ పాపకు నానమ్మ. ఇంతే రాస్తాం. ఎవరు ఎవరికి నానమ్మో అదే వెతికి చెబుతుంది. వీటిని తర్క భాషలంటారు. నా ఉద్యోగం ఆ భాషలో లేని మాటలు చేర్చడం.

మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి వరస ఒకటి ఉంటుంది. అందులో ముక్కకో పని. చెవి లోపలి భాగాన్ని తయారుచేసే ముక్కను దీపం అనుకో. దాన్ని వెలిగించే స్విచ్చు మరో ముక్క. చిక్కేమిటంటే స్విచ్చు దీపం పక్కనే ఉండాలని లేదు. ఎక్కడో దూరాన ఉంటుంది, మధ్యలో దీనికేమీ కాని సామాను బోలెడు. మన పాత ఇంట్లో గుమ్మం దీపానికి స్విచ్చు వంటింటి అల్మారా వెనక ఉండేది, గుర్తుందా? కరెంటు పనివాడు వచ్చి, దీపం దగ్గరే అంతా తడిమి చూసి, "అన్నీ బాగానే ఉన్నాయండీ, ఎందుకు వెలగదో మరి" అని వెళ్ళిపోయాడు. గువ్వకు ఆసుపత్రిలో మొదట చేసిన పరీక్ష అచ్చం అలాంటిదే. దీపం దగ్గరే చూశారు. ఏమీ కనబడలేదు.

మా భాషకూ అదే జబ్బు ఉండేది. ఈ ముక్క, దాని పక్కన ఈ ముక్క, దాని పక్కన మరొకటి అని చెప్పడానికి వీలుంది. ఇది ఇక్కడ, అది ఎక్కడో, మధ్యలో ఏమున్నా సరే ఈ రెంటికీ సంబంధం ఉంది అని చెప్పడానికి మాట లేదు. బలవంతాన చెప్పించబోతే, మధ్యలో ఉండగల ప్రతిదాన్నీ విప్పి చూస్తూ యంత్రం అక్కడే కూలబడేది. నేను ఆ మాట చేర్చాను. దానికి 'దూరం' అనే పేరు పెట్టాను. మధ్యలో అడ్డుగోడలాంటి ముక్క ఒకటి ఉంటే తప్ప, ఎంత ఎడం ఉన్నా ఇవి రెండూ ఒకదానికొకటి చెందినవే అని చెప్పగలిగే మాట. వినడానికి ఇంతే. ఆ మాట యంత్రానికి ఒంటబట్టించేసరికి నా జుట్టు సగం నెరిసింది. మా పెద్దాయన, అంటే కేంద్రం అధికారి, నన్ను పిలిచినప్పుడల్లా "దగ్గరున్నవాటి సంగతే తేలలేదు, దూరపువి ఎందుకమ్మా నీకు" అనేవాడు. ఇప్పుడు పైవాళ్ళు వచ్చినప్పుడు 'మా దూరం' అంటున్నాడు.

ఆ మాట పనిచేస్తుందో లేదో చూడటానికి, పిల్లలకు వినికిడి లేకపోయినా ఆసుపత్రి పరీక్షలో ఏమీ దొరకని కుటుంబాలు కావలసి వచ్చాయి. అందులో మనల్ని చేర్పించింది నేను కాదు, నువ్వే. నేను సెలవుకు వచ్చి భోజనం దగ్గర మాటవరసకు చెబితే, నువ్వు చెయ్యి కూడా కడుక్కోకుండా లేచావు. "మా అందరి రక్తం తీసుకోండి. దాని రక్తమూ తీసుకోండి. అప్పుడు తేలుతుంది ఎవరిదో" అన్నావు. ఆ 'అది' అక్కడే నిలబడి నీకు మంచినీళ్ళు పోస్తోంది. రక్తం తీసే రోజు వదిన చెయ్యి చాపింది. సూది గుచ్చుతుంటే అందరూ సూదినో గోడనో చూస్తారు. ఆవిడ నిన్ను చూసింది.

అప్పటికే నువ్వు తీర్పు చెప్పేశావు కదా. రెండు వైపులా ఏమీ కనబడలేదని ఆసుపత్రిలో డాక్టరమ్మ అంటే, అందులో సగమే ఇంటికి తెచ్చావు. మన వైపు ఏమీ లేదట. మిగిలిన సగం దారిలో ఎక్కడ జారిపోయిందో నేనెప్పుడూ అడగలేదు. వచ్చినవాళ్ళందరికీ వదిన మేనమామ కథ చెప్పావు. ఆయనకు ఉన్నది నత్తి. మాట తడబడేది గానీ ఆయనవి పాము చెవులు, పక్కగదిలో గుసగుసలు కూడా వినేవాడు. నీ నోట్లో పడి ఆయన పుట్టు చెవిటివాడయ్యాడు. "వాళ్ళ వంశంలోనే ఉంది, దాచిపెట్టి పెళ్ళి చేశారు" అన్నావు. అన్నయ్య తలవంచుకుని అన్నం కలుపుకున్నాడు. ఆ ఏడాదే విడాకులు.

మా కేంద్రంలో ఒకాయన ఉన్నారు. ఏం చెప్పబోయినా 'అయితే' అని మొదలుపెడతారు. మేం రాసే సూత్రాల నడుమ కూడా అదే మాట ఉంటుంది కాబట్టి ఆయనకు అయితే గారు అనే పేరు స్థిరపడింది. నమూనాల మీద పేర్లుండవు, గుర్తులే. వాటి మీద నా భాషను నడిపేది ఆయనే. మొన్న చలికాలంలో ఓ మధ్యాహ్నం ఆయన నా గదికి వచ్చి, కుర్చీ లాక్కోకుండా నిలబడే ఉన్నారు.

"అయితే... ఒక కుటుంబంలో దొరికింది."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "నిజంగానా? దూరం పట్టుకుందా?"

"పట్టుకుంది. దీపం బాగానే ఉంది. చాలా ఎడంగా ఉన్న స్విచ్చు ముక్క ఊడిపోయింది. పాపలో ఉంది, తండ్రిలో ఉంది, నానమ్మలో ఉంది, మేనత్తలో ఉంది. తల్లిలో లేదు."

"ఎంత చక్కగా ఉంది! ఎవరండీ వాళ్ళు?"

ఆయన మొదటిసారి 'అయితే' అనకుండా మాట్లాడారు. "పేర్లు ఇప్పుడే తెప్పించి చూశాను. కూర్చోమ్మా."

నేను చేర్చిన మాటతో ఆ యంత్రం చెప్పిన మొట్టమొదటి నిజం మన ఇంటిదేనమ్మా. నువ్వు కోరుకున్నట్టే తేలింది. మన వైపు నుంచే.

పొరపాటేమోనని నువ్వు అంటావని తెలుసు. నేనూ అదే అన్నాను. డాక్టరమ్మ మళ్ళీ వేరే పద్ధతిలో పరీక్ష చేయించింది. అదే జవాబు. ఇది అందరినీ ఒకేలా పట్టదట. కొందరికి పుట్టుకతోనే రెండు చెవులూ పోతాయి, గువ్వలా. కొందరికి ఏమీ కాదు, అన్నయ్యలా. కొందరికి ఒక చెవి మందగిస్తుంది. నువ్వు ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటావు. ఎడమ వైపు కూర్చున్నవాళ్ళు ఏమన్నా నవ్వి ఊరుకుంటావు. ఫోన్‌లో లైను బాగుండదు, ఉత్తరం రాయి అంటావు. లైను బాగానే ఉందమ్మా. మీ నాన్న ప్రతి మాటకూ "ఏంటీ?" అనేవాడని వీధిలో పిల్లలంతా ఆయన్ను ఏంటి తాత అని పిలిచేవాళ్ళు. ఆయనకు పరధ్యానం అని మాకు చెప్పావు. నీకు చిన్నప్పుడు చెవిలో చీము పట్టిందని చెప్పావు. నువ్వు నమ్మే చెప్పావని నేను నమ్ముతున్నాను. నమ్మడం నాకూ మంచిదే.

నన్నూ పరీక్ష గదిలో కూర్చోబెట్టారు. శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. నొక్కుతూ ఉన్నాను. కాసేపటికి శబ్దాలు ఆగిపోయాయి. అయిపోయిందనుకుని అద్దం అవతల ఉన్న అమ్మాయి వైపు చూశాను. ఆ అమ్మాయి ఇంకా మీటలు తిప్పుతూనే ఉంది. పై స్వరాలు నాకు పోయాయి. ఇంకా పోతాయట.

మా పెద్దాయన ఇప్పుడు దీన్ని వ్యాసంగా అచ్చు వేయిస్తున్నాడు. మన కుటుంబం బొమ్మ వేశారు. పేర్లుండవు, భయపడకు. ఆడవాళ్ళకు సున్నాలు, మగవాళ్ళకు చతురస్రాలు, లోపం ఉన్నవాళ్ళకు లోపల నలుపు నింపుతారు. నువ్వు నలుపు, అన్నయ్య నలుపు, నేను నలుపు, పసిది నలుపు. రక్తమిచ్చినవాళ్ళలో తెల్లగా మిగిలింది వదిన ఒక్కతే. ఆ బొమ్మ సరిచూడమని నా బల్ల మీదే పెట్టారు. సరిగ్గానే ఉందని సంతకం చేశాను.

ఇప్పుడు అన్నయ్య సంగతి. నీ కంటే ముందు వాడికి చెప్పాలనుకున్నాను, బిడ్డకు తండ్రి కదా అని. నీకు చెప్పకుండా వచ్చి, స్టేషన్ నుంచి నేరుగా వాడి టైర్ల దుకాణానికి వెళ్ళాను. ఎవరో కారు చక్రం విప్పించుకుంటున్నారు. వాడు నన్ను వెనక, టైర్లు పేర్చిన సందులోకి తీసుకెళ్ళాడు. అంతా విన్నాడు. మొదట అన్న మాట ఇది:

"ఇంకెవరికి చెప్పావ్?"

"ఎవరికీ చెప్పలేదు. నీకే."

"మంచి పని చేశావ్. అమ్మకి చెప్పకు. సంబంధం కుదిరాక నేను మెల్లగా చెప్తా."

"వాళ్ళకో?"

"వాళ్ళకి చెప్పే సంగతా ఇది? నా చెవులు బాగానే ఉన్నాయిగా."

"రేపు పుట్టే పిల్లకి, అన్నయ్యా?"

"రేపటి సంగతి రేపు. ఇప్పుడు దానికి, ఆ గువ్వ తల్లికి తెలిస్తే ఊరంతా చాటుతుంది. నీకు పుణ్యముంటుంది, నోరు మూసుకుని ఉండు."

ఇంకేదో అడగబోయాను. వాడు వెళ్ళి గాలి కొట్టే మిషను ఆన్ చేశాడు. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడదు. వచ్చేశాను. అమ్మా, అందుకే మేం మాట్లాడుకోవడం లేదు. వాడికి నెల పైనుంచీ తెలుసు. తెలిసీ, ఆ కాగితం నన్నడగమని నీకు చెప్పింది వాడే. నీ ఉత్తరంలో "మీ అన్నయ్య అన్నాడు" అని నువ్వే రాశావు.

వాడి రక్తంలో ఏముందో ఆ సంబంధం వాళ్ళకు నేను చెప్పకూడదు. అది వాడిది, మా కేంద్రం నియమం అది. కానీ నాది నాదే కదా. వాళ్ళు నన్ను అడిగితే పెళ్ళికొడుకు చెల్లెలికి ఏముందో దాచకుండా చెబుతాను. మిగతాది వాళ్ళే అల్లుకుంటారు. ఈ ముక్క వాడికి చెప్పు.

ఇంతవరకూ రాసి లేచి, గిన్నెలు కడిగి, మళ్ళీ కూర్చున్నాను. నీకు చెప్పకుండా చేసిన పని ఇంకొకటి ఉంది.

నేను వదిన దగ్గరికి వెళ్ళాను.

అడక్కుండా వెళ్ళానంటావు. ఎవరిని అడగాలి? పాప రక్తం ఇచ్చేటప్పుడు తల్లిగా ఆవిడ సంతకం పెట్టింది. ఏం తేలినా తెలుసుకునే హక్కు ఆవిడకుంది. ఆవిడ ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో పనిచేస్తోంది. నేను వెళ్ళేసరికి చేతులకు మందపాటి గుడ్డ చుట్టుకుని గాజుపలక కోస్తోంది. నన్ను చూసింది, కోత ఆపలేదు. గీత చివరిదాకా లాగి, పలకను బల్ల అంచుకు ఆనించి టప్పున విరిచింది. అప్పుడు తలెత్తింది.

"రండి. కూర్చోండి" అంది.

నన్ను 'మీరు' అంది, అమ్మా. పెళ్ళయి మన ఇంటికి వచ్చిన రోజు నా జడ విప్పి, "ఇన్ని చిక్కులా, నీకు దువ్వెన కంటే పార కావాలే" అని నవ్విన మనిషి. కూర్చున్నాను. చెప్పాను. దీపం, స్విచ్చు, దూరం, అన్నీ చెప్పాను. ఎదురుగా ఎవరిదో పెళ్ళి ఫొటో అద్దం లేకుండా పడి ఉంది. అంతా అయ్యాక అడిగింది.

"నాలో లేదా?"

"లేదు వదినా."

"అసలు లేదా? కొంచెం కూడా?"

"కొంచెం కూడా లేదు."

గాజుముక్కలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసింది. తరవాత, నా వైపు చూడకుండా అంది. "మా మామయ్య బతికుండగా చెప్పుంటే బాగుండేది. తన నత్తే పాపకి అలా తగులుకుందనుకున్నాడు. మీ అమ్మగారు అన్న మాటలు ఆయన దాకా వెళ్ళాయి. ఆఖర్లో మా ఇంటికి రావడం మానేశాడు. పాప తన నోరు చూస్తే ఇంకేం తగులుకుంటుందోనని భయం."

ఆయన పోయినట్టు నాకు తెలియదు. నీకు తెలుసా? తెలిస్తే ఎందుకు చెప్పలేదు?

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. ఆ గుడ్డ విప్పి నాకిచ్చింది, ముఖం తుడుచుకోమని. అందులో గాజుపొడి ఉంటుందేమోనని మళ్ళీ తనే లాక్కుంది. "క్షమించు వదినా" అన్నాను. "మీరేం చేశారు? మీరు మాట్లాడలేదు, అంతే కదా" అంది. తిట్టినట్టు లేదు. అదే నాకు తిట్టులా తగిలింది.

"పాపని ఒక్కసారి చూడొచ్చా?" అని అడిగాను.

"మీ అమ్మగారికి చెప్పారా ఇదంతా?"

"ఇంకా లేదు."

"చెప్పాక రండి."

అందుకే ఈ ఉత్తరం. నీ మీద ప్రేమతో రాయలేదని కాదు. కానీ ప్రేమ ఒక్కటే అయితే ఇంకో ఏడాది చింపుతూ కూర్చునేదాన్ని.

దుకాణం మెట్లు దిగుతుంటే బడి నుంచి గువ్వ వచ్చింది. పొడుగైంది. ముందు పళ్ళు ఊడాయి. చెవుల వెనక మిషన్లున్నా, వాటితో పెద్దగా పనిలేనట్టు చేతులతోనే మాట్లాడుతోంది. నన్ను గుర్తుపట్టింది. రెండు వేళ్ళతో కళ్ళ చుట్టూ సున్నాలు చుట్టి చూపించింది. అంటే కళ్ళద్దాల అత్త అని. వదిన గుమ్మంలో నిలబడి ఉంది. మమ్మల్ని విడదీయలేదు, దగ్గరికీ రాలేదు. బడిలో ప్రతి మనిషికీ ఒక సైగ పేరు పెట్టుకోవడం నేర్పారట. అమ్మకు చేతిమీద గీత గీసినట్టు, గాజు కోసినట్టు. నాన్నకు గాలి కొట్టినట్టు. చచ్చిపోయిన తాతకు, అంటే వదిన మేనమామకు, పెదవి మీద మూడుసార్లు వేలు తట్టి, రెండు చేతులూ గుండెకు ఆనించుకుంది.

నేను ఒక చెయ్యి పైకెత్తి, నీ జుట్టు ముడి చూపించి, నీకేం సైగ పేరని అడిగాను. నానమ్మ అని కాగితం మీద కూడా రాసి చూపించాను. అది చదివింది. వాళ్ళమ్మ వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అన్నాను.

"ఆవిడ ఎవరని అడుగుతోంది" అంది వదిన.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళుతున్నాను. నీకు చెప్పేశానని చెబుతాను. నువ్వేమన్నావని ఆవిడ అడగదు, నాకు తెలుసు. పసిది మాత్రం అడగవచ్చు.

ఇట్లు,
నీ కూతురు,
గువ్వకు మేనత్త.